గుమ్మం లేని తలుపులు

పాల్వంచ తహసీల్దారు గోపన్న సర్కారు సొమ్ము భద్రాద్రి గుడికి పెట్టి, గోల్కొండ చెరలో పడి, చేయించిన నగల లెక్క పాట కట్టి రాముడికే ఒప్పజెప్పాడు. అదే పాల్వంచలో రిటైరై కూర్చున్న నేను, స్లాబు బాగుకి దాచిన సొమ్ము ఎటు పోయిందో నాలుగు ముక్కలు విన్నవించుకుంటే తప్పు పట్టేవారుండరనుకుంటాను. తేడా ఒక్కటే. ఖర్చు పెట్టింది మా అబ్బాయి, చెర నాది.

ఆ సొమ్ము రెండు సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లయి, హైదరాబాదు నుంచి దుప్పట్లు కప్పుకుని డీసీఎంలో వచ్చి దిగింది. మనిషెత్తున్నాయి. దించుతుంటే ఎదురింటాయన గేటు దాకా వచ్చి, "తలుపులు మార్పిస్తున్నారా మాస్టారూ? టేకేనా?" అన్నాడు. అడవి అంచున బతికేవాళ్లం, ముందు కర్రే చూస్తాం. హోం థియేటరండీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మామూలు స్పీకర్లో అయస్కాంతం, తీగచుట్ట, కాగితపు గిన్నె ఉంటాయి. వీటిలో అవేవీ లేవు. చిల్లులున్న రెండు పలకల మధ్య వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద వేల వోల్టుల కరెంటు. పలకల్లో పాట మారినకొద్దీ పొర అటూ ఇటూ ఊగుతుంది. ఇంగ్లండులో పీటర్ వాకర్ అనే ఆయన 1957లోనే క్వాడ్ పేరుతో ఇలాంటివి అమ్మకానికి పెట్టాడు. పాడటానికి ఆంప్లిఫయర్ ఒక్కటే చాలదు, గోడలో ప్లగ్గు కూడా కావాలి. ఆ వోల్టులకి ఊళ్లో దుమ్మంతా వెతుక్కుంటూ వచ్చి అంటుకుంటుంది. మాది బొగ్గు లారీలు తిరిగే రోడ్డు. పొద్దున తుడిచిన అరుగు మీద సాయంత్రం వేలితో పేరు రాసుకోవచ్చు.

"అన్నీ చూసే కొన్నాను నాన్నా. లైట్లార్పి చూశాను, నీలిరవ్వలు లేవు. ఎడమ వైరు కుడికి, కుడిది ఎడమకి మార్చి విన్నాను, రెండూ సమానమే" అన్నాడు మావాడు. నిజమే. కాకపోతే చూసింది ఏప్రిల్లో, ఏసీ గదిలో. ఇక్కడ జులై వచ్చిందంటే ఉప్పు డబ్బాలో నీరూరుతుంది, అగ్గిపుల్ల వెలగదు. చెమ్మకి పొర మీది వోల్టులు జారిపోతాయి. మొదటి ముసురుకే కుడివైపుది చిటపటమని, ఆపైన గుసగుసల్లోకి దిగింది. అమ్మినాయన ఫోనెత్తడు.

వెనక నుంచి కూడా మోగుతాయి కాబట్టి గోడకి మూడడుగులు ఇవతల నిలబెట్టాలట. మా హాలు వెడల్పే పన్నెండడుగులు. నా మంచం వరండాలోకి వెళ్లింది. ఇంతా చేసి ఒక్క కుర్చీలో కూర్చుంటేనే సరైన సౌండు. పక్కకి జరిగితే సగం పోతుంది. ఇక సినిమా సంగతి. హీరో కొడితే విలన్ గాల్లోకి లేస్తాడు గానీ దెబ్బ వినపడదు. పల్చటి పొర లోతైన మోతలు మోయలేదట, దానికి వేరే ఊఫర్ డబ్బా కొనాలట.

అన్యాయంగా మాట్లాడను. ఒక సాయంత్రం వాన వెలిసి, వోల్టేజీ నిలకడగా ఉన్నప్పుడు బాలమురళి పాడిన రామదాసు కీర్తనలు పెట్టాడు. గొంతు పెట్టెలోంచి రాలేదు. ఆ రెండింటి నడిమి ఖాళీలో మనిషి నిలబడి పాడుతున్నాడు. ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. మా ఆవిడ గరిటె చేత్తోనే వంటింట్లోంచి వచ్చి ఆ ఒక్క కుర్చీలో కూర్చుంది. పోపు మాడిపోయినా లేవలేదు. ఈ కేసులో నాకున్న ఒకే ఒక్క సాక్షి అలా అవతలి పక్షానికి పోయింది.

ఇప్పుడు తల్లీకొడుకులు కలిసి హాల్లో ఏసీ పెట్టించాలని తీర్మానించారు. ఎండలు మండే ఈ ఊళ్లో ఇన్నేళ్లూ ఫ్యాను కింద నెట్టుకొచ్చిన నాకు కాదు, చెమ్మ పడని స్పీకర్లకి. రాత్రీపగలూ నడవాలట. పాట పెట్టినప్పుడు మాత్రం ఆపేయాలట, దాని రొద అడ్డమట. అంటే హాల్లో మనుషులు కూర్చున్నంతసేపూ ఆగి ఉండి, లేచిపోగానే నడిచే ఏసీ అన్నమాట. కరెంటు బిల్లు నా పేరునే వస్తుంది.