పోలెల సూత్రము: ఖేడ్ వ్యాఖ్య

అవతారిక. శాస్త్రగ్రంథం ఏదైనా నాలుగు సంగతులు తేల్చి గాని మొదలు కాదు: ఇది ఎవరి కోసం, ఇందులో ఏముంది, దీనివల్ల కలిగేదేమిటి, ఆ కలిగేదానికీ గ్రంథానికీ లంకె ఏమిటి. వీటిని పూర్వులు అధికారి, విషయం, ప్రయోజనం, సంబంధం అని పిలిచి, నాలుగింటినీ కలిపి అనుబంధ చతుష్టయం అన్నారు. వంటల పుస్తకాలు ఈ మర్యాద పాటించకుండా ‘కావలసిన పదార్థాలు’ అంటూ నేరుగా పొయ్యి దగ్గరికి నడుస్తాయి కాబట్టి, ఆ లోటు పూడ్చే భారం వ్యాఖ్యాత మీద పడుతుంది. ప్రస్తుత వ్యాఖ్యకు అధికారులు, సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్‌లో, అంటే చుట్టుపక్కల అందరూ పొట్టిగా ఖేడ్ అనే ఊళ్లో, ఒక వంటల పుస్తకాన్ని నడుమ పెట్టుకుని, నెలకొక పుట ఎంచుకుని, అందులో ఉన్నదాన్ని ఎవరింట్లో వారు వండి, ఒకరింట్లో చేరి తినదలచిన ఇల్లాళ్లు. విషయం పోలెలు. ప్రయోజనం భోజనం. సంబంధం ఆకలి అని వేరే చెప్పనక్కరలేదు.

ఆక్షేపము. ఇటువంటి కూటమిని కుక్‌బుక్ క్లబ్ అంటారనీ, అది విదేశీ సరుకనీ, ఖేడ్‌కు దానితో పనిలేదనీ ఒక వాదం ఉన్నది. దీనికి సమాధానం బతుకమ్మ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిది రోజులు సాగే ఆ పండుగలో అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయల ఆకారంలో వేయించిన పిండి, వెన్నముద్దలు అంటూ రోజుకొక నైవేద్యం ముందే నిర్ణయమై ఉండి, చివరినాడు ఆడవాళ్లు ఎవరి సద్ది వారు తెచ్చి పంచుకుంటారు. ఆరో రోజున బతుకమ్మ అలిగింది గనుక నైవేద్యమే ఉండదు. వంట కార్యక్రమంలో సెలవు దినాన్ని ఇంత మర్యాదగా ఇరికించిన కూటమి మరొక దేశంలో ఉన్నదో లేదో చూడవలసిందే. ఒక్క తేడా మాత్రం ఒప్పుకోవాలి. బతుకమ్మకు వండేది తెలిసిన వంట కాబట్టి అది చెడితే తప్పు వండినామెదవుతుంది. పుస్తకం చూసి వండేది తెలియని వంట కాబట్టి అది చెడితే తప్పు పుస్తకానిదవుతుంది. అత్తగారి ఎదుట పుస్తకం మీద తప్పు నెట్టగలగడం చిన్న వెసులుబాటు కాదు.

వంటగ్రంథమన్నదే ఈ నేలకు కొత్త అనుకోవడం కూడా సరికాదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు సుమారు 1129లో సంస్కృతంలో రచించిన మానసోల్లాసం ఐదు వింశతులుగా, అంటే ఇరవయ్యేసి అధ్యాయాల ఐదు భాగాలుగా ఉన్నది. ఆ నూరు అధ్యాయాలలో అన్నభోగమనే అధ్యాయం ఇడ్డరిక, దోసక, వటక వంటి వంటకాలను వివరిస్తుంది. పొలంలో పట్టిన ఎలుకలను కాల్చే విధానం కూడా అందులోనే ఉన్నది. ఆ పుట వచ్చే నెలలో చాలామందికి ఊరి ప్రయాణాలు తగులుతాయి. ఆ కల్యాణి నేడు బసవకల్యాణ్ పేరుతో బీదరు జిల్లాలో ఉన్నది. నారాయణఖేడ్ తాలూకా కూడా 1956 నవంబరు 1 దాకా బీదరు జిల్లాదే. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మెదక్ జిల్లాకు వచ్చి, 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరింది. సరిహద్దు గీసినవారు తాలూకాలు లెక్కపెట్టారు గాని పుట్టిళ్లు లెక్కపెట్టలేదు. కనుక ఖేడ్‌లో నలుగురు ఆడవాళ్లు కలిస్తే ఒకామె పుట్టిల్లు బీదరు వైపు, మరొకామెది మహారాష్ట్రలోని దెగ్లూరు వైపు ఉండడం వింతేమీ కాదు. ఈ భూగోళం ముందుముందు పోలె మడతలో కనబడుతుంది.

మూలము. ‘శనగపప్పు ఒక గ్లాసు, బెల్లం అంతే, గోధుమపిండి ఒకటిన్నర గ్లాసు. పప్పు ఉడికించి బెల్లం కలిపి రుబ్బాలి. ముందుగా రెండు గంటలు నానబెట్టిన పిండిలో ఈ పూర్ణం పెట్టి, ఒత్తి, కాల్చాలి. నెయ్యి, ఉప్పు తగినంత.’

ప్రతిపదార్థము. పోలె అనగా పప్పూ బెల్లమూ కలిపిన ముద్దను పిండిలో పొదిగి కాల్చిన తీపి రొట్టె. తెలంగాణలో బక్షమనీ, కోస్తాలో బొబ్బట్టనీ, కన్నడంలో హోళిగె అనీ, మరాఠీలో పూరణ్ పోళీ అనీ వ్యవహారం. పూర్ణమనగా లోపలి ముద్ద. గ్లాసనగా ఏమిటో కొంచెం నిలిచి చూడాలి. టీ గ్లాసా, నీళ్ల గ్లాసా, పెళ్లిలో పెట్టిన పేరు చెక్కిన స్టీలు గ్లాసా అన్నది మూలంలో లేదు. వెనక గిద్ద, సోల, తవ్వ, మానిక ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న లెక్క ముసలమ్మలకు నోటికి వచ్చు. ఖేడ్ రాష్ట్రం మారిన 1956లోనే తూనికలు కొలతల ప్రమాణాల చట్టం కూడా వచ్చి గ్రాములనూ లీటర్లనూ తెచ్చింది గాని, వంటింట్లో గ్రాము నేటికీ కొత్తకోడలే. అమెరికాలో ఫ్యానీ ఫార్మర్ 1896లో అచ్చువేసిన బోస్టన్ వంట పాఠశాల పుస్తకంలో కప్పునూ చెంచానూ అంచుకు సమంగా గీసి కొలవాలని పట్టుబట్టి, ఆ దేశపు వంటకు ఒక కొలబద్ద ఇచ్చింది. ఖేడ్ వ్యాఖ్యాతల నిర్ణయం అంతకంటే తేలిక: పప్పు కొలిచిన గ్లాసుతోనే బెల్లమూ పిండీ కొలిస్తే గ్లాసు ఎంతదైనా ఒకటే. మూలకర్త చెప్పదలచింది పాళ్లు గాని పరిమాణం కాదన్నమాట.

క్రమ విచారము. మీమాంసకులు, అనగా వేదవాక్యాల అర్థనిర్ణయం చేసే శాస్త్రజ్ఞులు, పాఠక్రమం కంటే అర్థక్రమం బలమైనదని తీర్పు చెప్పారు. వాక్యంలో హోమం ముందూ, హోమానికి కావలసిన గంజి కాచడం తరువాతా చెప్పి ఉన్నా, గంజి లేకుండా హోమం సాగదు కాబట్టి కాచడమే ముందు జరగాలన్నది వారి ఉదాహరణ. వేల ఏళ్ల నాటి ఈ తీర్పు వంట గురించే కావడం కాకతాళీయం కాకపోవచ్చు. పోలెల సూత్రంలోనూ పప్పు ఉడికి, రుబ్బడం పూర్తయి, పెంక పొయ్యి మీద కాలుతుండగా ‘ముందుగా రెండు గంటలు నానబెట్టిన పిండి’ అన్న మాట ఎదురవుతుంది. (పెంక అనగా పెనం.) పుట మొత్తం చదివి మొదలుపెట్టిన ఇల్లాలు మీమాంసకురాలు; వాక్యం వాక్యం చదువుతూ వండిన ఇల్లాలు ఆ పూట పిల్లలకు ఉప్మా చేసి పెడుతుంది. పిండి నానకపోతే సాగదు, సాగకపోతే పెంక మీద పగిలి పూర్ణం కారి మాడుతుంది.

‘బెల్లం అంతే’ అన్నచోట మూలకర్త ధైర్యం మెచ్చదగినదే గాని, బెల్లం ఆయన మాట వినదు. పప్పును వేలితో నొక్కితే నలగాలి, అయితే గంజిలా చెదరకూడదు. ఆ దశ దాటిన పప్పులో బెల్లం వేస్తే అది కరిగి నీరై ముద్దంతా జారుతుంది. అప్పుడు చేయవలసింది పొయ్యి మీదే మళ్లీ దగ్గరికి రానివ్వడం. ఎంతసేపు అన్న ప్రశ్నకు గడియారం జవాబు చెప్పదు. గిన్నె మధ్య గుచ్చిన గంటె పడిపోకుండా నిలబడేంత వరకు అన్నది సంప్రదాయం. (గంటె అనగా గరిటె.) ఈ ఒక్క పరీక్ష పుస్తకంలో ఉండి ఉంటే ఎన్ని ఇళ్లలో పోలెలు గట్టెక్కేవో.

‘ఒత్తి’ అన్న మాట దగ్గర పక్షభేదం వస్తుంది. దెగ్లూరు పక్షం పొడిపిండి చల్లి చపాతీ కర్రతో పలుచగా సాగదీసి, పెంక మీద పొంగిన తరువాత నెయ్యి వేస్తుంది. కోస్తా పుస్తకాల పక్షం అరిటాకు మీద నూనె రాసి చేత్తో తడుతుంది. ఖేడ్‌లో అరిటాకు కోసం బజారుకు పోవడం కంటే పాలప్యాకెట్టు కోసి కడిగి, దాని లోపలి వైపున నూనె రాయడం సులువని తేలింది. ఆ కవరు మీది పాలడెయిరీ పేరు పోలె మీద అచ్చు పడుతుందా అన్న సందేహం ఒకామెకు కలగవచ్చు; అచ్చు బయటివైపు కాబట్టి పడదని సమాధానం. బీదరు పక్షం మందం కొంచెం ఎక్కువ కోరుతుంది. ఏలకులా జాజికాయా అన్న వివాదం కూడా ఉన్నది, అది రెండు వేసినవారి ఇంట్లోనే ముగిసింది.

మౌన విచారము. మూలకర్త చెప్పిన మాటల్లోకంటే చెప్పని చోట పెద్ద దోషం ఉన్నది. పప్పు ఉడికించాలన్నాడు, ఉడికిన పప్పును వార్చిన నీళ్లు ఏం చేయాలో చెప్పలేదు. సూత్రాన్నే నమ్ముకున్న కొత్తకోడలు వాటిని సింకులో పోస్తుంది. ఆ నీళ్ల పేరు కట్టు. దానిలో చింతపండు పిండి, పూర్ణం నుంచి రెండు వేళ్లకు అందినంత తీసి కలిపి, కారం వేసి, ఇంగువా కరివేపాకూ పోపు పెడితే కట్టుచారు అవుతుంది. కన్నడిగులు దాన్ని హోళిగె సారు అనీ, మరాఠీలు కటాచీ ఆమ్టీ అనీ అంటారు. ఒత్తడంలోనూ మందంలోనూ సుగంధంలోనూ ఒకరితో ఒకరు కలవని మూడు పక్షాలూ కట్టు పారబోయకూడదన్న దగ్గర ఏకగ్రీవంగా కలుస్తాయి. తీపి తిన్న నోటికి పులుపూ కారమూ పడితేనే రెండో పోలె దిగుతుందన్న సంగతి పుట్టింట్లో చూసి నేర్చినవారికి తెలుసు, పుస్తకం రాసినవారికీ తెలుసు. అయితే అందరికీ తెలిసినదాన్ని రాయడమెందుకని ఆయన ఊరుకున్నాడు. మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ వంటి పుస్తకాలు మళ్లీ మళ్లీ అచ్చు కావడానికి కారణం, పుట్టింటికి దూరంగా కాపురాలు పెట్టినవారికి ఆ అందరికీ తెలిసినది తెలియకపోవడమే. క్లబ్బు పుట్టేది కూడా ఈ ఖాళీలోనే.

‘ఉప్పు తగినంత’ అన్న తుదివాక్యంలో క్రియాపదం లేదు. ఆకాంక్ష, అనగా ఒక పదం మరొక పదాన్ని కోరడం, ఇక్కడ మిగిలిపోయింది కాబట్టి ‘వేయవలెను’ అన్నదాన్ని అధ్యాహారం చేసుకోవాలి, అనగా బయటి నుంచి తెచ్చి పూరించుకోవాలి. క్రియ తేలికగానే దొరుకుతుంది, పరిమాణం దొరకదు. తీపి రొట్టెలో ఉప్పెందుకని ప్రశ్నించినవారు ఒకసారి అది లేకుండా తిని చూడాలి. ఎంత అన్నదానికి ఖేడ్‌లో జవాబు నోటితో రాదు. ‘ఎంత వెయ్యాలె వదినా?’ అని అడిగితే బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ కలిపి ‘జరంత, గింత’ అని చూపిస్తారు. ఆ మూడువేళ్ల నడుమ పట్టినదే ప్రమాణం. అచ్చులో వేళ్లు పట్టవు. అందుకే ఒకే పుటను నలుగురు నాలుగిళ్లలో వండితే నాలుగు పోలెలు వస్తాయి, ఒక్కొక్కటి మూలానికి ఒక్కొక్క వ్యాఖ్య అవుతుంది, వాటిని వరసగా పెట్టి తిన్నప్పుడు గాని మూలకర్త ఏమన్నాడో తెలియదు.

స్థాలీపులాక న్యాయమని ఒకటున్నది: కుండలో ఒక మెతుకు పట్టి చూస్తే అన్నమంతా ఉడికిందో లేదో తెలుస్తుందని దాని అర్థం. పోలెల విషయంలో ఇది చెల్లదు. మొదటి పోలె పెంక సరిగా కాలక చప్పబడుతుంది, చివరిది పిండి ఆరిపోయి గట్టిపడుతుంది. నడుమవాటిలో ఏది ఎవరి ఆకులో పడుతుందో వడ్డించేవారి చేతిలో ఉంటుంది. కాబట్టి తీర్పు చెప్పదలచినవారు కనీసం రెండు తినాలి. ఈ నియమానికి ఇంతవరకు ఆక్షేపం రాలేదు.

ఉత్తరసూత్ర సూచన. తరువాతి పుటలో కేకు ఉన్నది. దాని మొదటి వాక్యం ‘ఓవెన్‌ను 180 డిగ్రీల దగ్గర ముందుగా వేడి చేయాలి’. ఓవెన్ లేని ఇంట్లో ఈ విధి ఎలా చెల్లుతుందంటే, శాస్త్రంలో ప్రతినిధి న్యాయం ఉన్నది: విహితమైన ద్రవ్యం దొరకనప్పుడు దానికి దగ్గరైన మరొకటి వాడవచ్చు. ఇక్కడ ప్రతినిధి ప్రెషర్ కుక్కరు. మూతకున్న రబ్బరూ విజిలూ తీసి, అడుగున ఇసుకో ఉప్పో పోసి, నీళ్లు మాత్రం పోయకుండా, పైన స్టాండు పెట్టి, పది నిమిషాలు కాచి, ఆపైన కేకు గిన్నె దించాలి. రబ్బరు తీయడం మరిచినామె ఇంట్లో కొత్త రబ్బరు ఖర్చు క్లబ్బు భరించాలా, ఆమే భరించాలా అన్నది వచ్చే నెల విచారణకు వాయిదా పడింది.