మిర్చియార్డుకు సెలవులు, ల్యాప్‌టాప్‌కు లేవు

గుంటూరు మిర్చియార్డుకు ఏటా మే నెలలో వేసవి సెలవులిస్తారు. అంత ఘాటు సరుకు అమ్మే చోటే ఎండకు దణ్ణం పెట్టి తలుపులేసుకుంటుంటే, తాడేపల్లిలో మేడ మీద పడమటి గదిలో ల్యాప్‌టాప్ ముందేసుకుని వ్యాసాలు రాసేవాడి గోడు ఎవడికి పట్టింది? అప్పటికి అమ్ముడుపోని మిరపకాయలను కూడా రంగు చెడకుండా కోల్డ్ స్టోరేజీలో దాస్తారు. నా యంత్రానికి ఆ యోగం లేదు.

పక్కనే కృష్ణ ఉంది కదా, చల్లగా ఉండదా అని హైదరాబాదు చుట్టాలు అడుగుతుంటారు. ఆ చల్లదనమేదో వాళ్ళొచ్చి వారం రోజులుంటే తెలుస్తుంది. ఎండల లెక్క చెప్పేటప్పుడు వార్తల్లో రెంటచింతల పేరు చదువుతారు గానీ, ఉక్కపోతకు కూడా ఒక పట్టీ వేస్తే మా ఒడ్డుకూ బెజవాడ ఒడ్డుకూ పోటీ బ్రహ్మాండంగా ఉంటుంది.

ల్యాప్‌టాప్‌తో పాటు ఒక చిన్న పుస్తకం వస్తుంది. దాన్ని చదివిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. అందులో చివరెక్కడో, కంటికి కనపడని అక్షరాల్లో, దీన్ని 35 డిగ్రీల లోపు వేడిలో వాడవలెనని ఉంటుంది. చాలా కంపెనీలు గీసుకున్న గీత అదే. అగ్నికార్తె మొదలు మృగశిర చినుకు పడేదాకా మా గదిలో 35 అన్నది తెల్లారుజామున కనపడి, కాఫీ తాగేలోపు మాయమయ్యే అంకె. అంటే అది మనకోసం పుట్టిన యంత్రం కాదు, వచ్చి మన పాలబడింది.

మా దానికి ముందు ఫ్యాను మోత మొదలైంది. మిట్టమధ్యాహ్నం మిక్సీ వేస్తున్నామనుకుని కింద వాటావాళ్ళు పైకొచ్చి, "వదినగారూ, ఈ పూట పచ్చడేంటి?" అని అడిగారు. తర్వాత అక్షరాలు మొరాయించాయి. నేను 'క' కొట్టి మంచినీళ్ళు తాగొస్తే అప్పుడు తెరమీదికి 'క' వచ్చేది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆరిపోవడం.

నిజానికి ఇందులో జబ్బేమీ లేదు. ప్రాసెసరు వేడి 95, 100 డిగ్రీల దాకా వస్తే దానంతటదే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే మొత్తానికే పడుకుంటుంది. ఎండపూట పని మానేసే హక్కు దానికి ఫ్యాక్టరీలోనే రాసిచ్చేశారు. ఉపాధి హామీ కూలీలు కూడా మిట్టమధ్యాహ్నం పార దింపుతారు. రచయితకే ఏ హక్కూ లేదు, సంపాదకుడు ఫోన్ చేస్తూనే ఉంటాడు.

ఇక సలహాలు. మా అమ్మ యంత్రం మీద చెయ్యేసి చూసి, "వేడి చేసిందిరా దీనికి. పొద్దస్తమానం ఒళ్ళో పెట్టుకు కూచుంటే చెయ్యక ఏం చేస్తది?" అని సబ్జా గింజలు నానబెట్టింది. పక్క ఫ్లాటులో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు, "ఓ గంట ఫ్రిజ్‌లో పెట్టి తియ్యండి మాస్టారూ, ఇక తిరుగుండదు" అన్నారు. ఆయన మాటలో ఒక్కటి నిజం, నిజంగానే ఇక తిరగదు. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళ సీసాకు మా ఊరి గాలిలో నిమిషంలో చెమటలు పడతాయి. ల్యాప్‌టాప్‌కూ పడతాయి, కాకపోతే లోపల, సర్క్యూట్ల మీద.

మా బావమరిదిది ఇంకో దారి. "ఉండవల్లి గుహలు ఎంత దూరం బావా? కొండ తొలిచిన గుహ, లోపల చల్లగా ఉంటది. పొద్దున్నే పట్టుకెళ్ళి అక్కడ కూర్చుని రాసుకో." ఈ మాటకు అమ్మ ఒప్పుకోలేదు. "అనంతపద్మనాభస్వామి అక్కడ హాయిగా పడుకోనుంటే, నువ్వెళ్ళి పక్కన టకటకలాడిస్తావా?"

బ్యారేజీ దాటి బెజవాడలో ఒక కొట్టుకు తీసుకెళితే, అక్కడి కుర్రాడు మూత తియ్యకుండానే "మదర్‌బోర్డు పోయింది సార్" అన్నాడు. మూత తియ్యకుండా రోగం చెప్పేవాళ్ళంటే నాకు గౌరవమూ ఉంది, భయమూ ఉంది. మదర్‌బోర్డు అన్న మాట వినగానే మనిషి కుర్చీ వెతుక్కుంటాడు. ఆ తర్వాత ఏ ధర చెప్పినా చవగ్గానే వినపడుతుంది.

చివరికి వడ్డేశ్వరంలో ఇంజనీరింగు చదివే మా మేనకోడలు వచ్చి ఒకే ఒక ప్రశ్న అడిగింది. "మామయ్యా, గాలి బయటికొచ్చే కన్నం దగ్గర అరచెయ్యి పెట్టి చూశావా?"

మొత్తం వైద్యం ఆ అరచేతిలోనే ఉంది. గాలి జోరుగా, వేడిగా కొడుతోందంటే ఫ్యాను తన పని తాను చేస్తోందన్నమాట. పని ఎక్కువై యంత్రం వేడెక్కుతోంది. అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి ఎవరు కష్టపడుతున్నారో చూడాలి. మా ఇంట్లో బ్రౌజర్‌లో పంచాంగం, రెండు సీరియళ్ళు, మూడు వార్తా చానళ్ళు ఎవరూ చూడకుండానే నడుస్తుంటాయి. సరిగ్గా అన్నం వేళకు యాంటీవైరస్ తనిఖీకి బయల్దేరుతుంది. గాలి వస్తున్నా చల్లగా ఉండి లోపల మాత్రం కాలిపోతుంటే, ప్రాసెసరు వేడి ఫ్యాను దాకా చేరడం లేదని అర్థం. మధ్యలో పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. ఫ్యాను గోల పెడుతున్నా చేతికి గాలి తగలకపోతే, దారిలో ఎక్కడో అడ్డం పడింది.

మాది ఈ మూడో రకం.

మేనకోడలు యంత్రం ఆపి, ఛార్జరు పీకి, మూత విప్పి, ముందు బ్యాటరీ తీగ ఊడదీసింది. ఫ్యాను చూస్తే తళతళలాడుతోంది. కొట్టు కుర్రాడు మూత తీసి ఉన్నా ఇక్కడే మోసపోయేవాడు. అసలు సరుకు ఫ్యానుకూ, దాని ముందుండే సన్నటి రేకులకూ మధ్య ఉంటుంది. ఫ్యాను పైకెత్తితే రేకుల ముఖాన దళసరిగా పత్తి! మా అమ్మమ్మ నాటి దూది పరుపు మీద ఈ యంత్రాన్ని పెట్టి ఇంటిల్లిపాదీ సినిమాలు చూస్తారు. అది కింది కన్నాల్లోంచి గాలితో పాటు నూగూ పీల్చి లోపల నిల్వ చేసుకుంది. పత్తి కొనే నాథుడు లేడని జిల్లా అంతా మొత్తుకుంటుంటే, నా ల్యాప్‌టాప్ గుట్టుగా కొనుగోలు కేంద్రం తెరిచింది. పరుపు మీద పెట్టిందెవరన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని కేసు.

ఆ రేకుల దాకా వేడిని మోసుకొచ్చేది ఒక రాగి గొట్టం. చూడ్డానికి ఉత్త గొట్టమే గానీ లోపల గాలి తీసేసి కాసిని నీళ్ళు పోసి మూసేస్తారు. ప్రాసెసరు దగ్గర ఆ నీళ్ళు ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి, గొట్టం లోపలి గరుకు పూత వెంట మళ్ళీ వెనక్కి నడుస్తాయి. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దీన్ని చేసి చూపించాడు. ఉపగ్రహాలకు కూడా వాడతారు. అంతరిక్షంలో పనిచేసేది తాడేపల్లిలో దూది పరుపు దగ్గర ఓడిపోయింది!

శుభ్రం చేసేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో కదలకుండా పట్టుకుని గాలి కొట్టాలి. వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. పాత పేస్టు తుడిచేసి కొత్తది బియ్యపు గింజంత పెట్టింది. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందని నేను అనబోతే, "ఇది వెన్న కాదు మామయ్యా" అంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసరు గరిష్ఠాన్ని 99 శాతానికి తగ్గించింది. ఆ ఒక్క శాతంతో చాలా యంత్రాల్లో టర్బో అనే అదనపు వేగం ఆగిపోతుంది. వ్యాసాలకు టర్బో ఎందుకన్నది ఆమె ప్రశ్న. సంపాదకుణ్ణి అడగాలి.

కింద గాలి ఆడేట్టు వెనకవైపు ఎత్తు పెట్టమంటే, అమ్ముడుపోని నా వ్యాస సంపుటాలు రెండు దొరికాయి. ఆ పుస్తకాలు ఇంతవరకూ చేసిన సాహిత్య సేవ ఇదే. వేలు పోసి కూలింగ్ ప్యాడ్ కొననక్కర్లేదు. ఏది కొన్నా గది కంటే చల్లగా యంత్రాన్ని ఏ ఫ్యానూ ఉంచలేదు. గదిలో పది డిగ్రీలు పెరిగితే లోపలా దాదాపు అంతే పెరుగుతుంది. అందుకే మేలో నేను తెల్లారుజామునే రాస్తున్నాను.

మీ ఇంట్లోనూ ఒకటి ఇలా రొప్పుతుంటే, ముందు అరచెయ్యి పెట్టి చూడండి, పరుపు మీదనుంచి బల్ల మీదికి మార్చండి. టచ్‌ప్యాడు పైకి ఉబ్బినట్టు కనపడితే మాత్రం బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఛార్జింగు ఆపేసి, గుచ్చకుండా నొక్కకుండా తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. అక్కడ ఎవరైనా మూత తియ్యకుండానే మదర్‌బోర్డు అంటే, దణ్ణం పెట్టి యంత్రంతో సహా వచ్చెయ్యండి.