లాగడానికి పుట్టినదాన్ని

నేను 1972 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కస్టమ్ క్రూయిజర్‌ని. నా జాతిని స్టేషన్ వ్యాగన్ అంటారు. దాదాపు 19 అడుగుల పొడవు, మూడు వరసల సీట్లు, బానెట్ కింద ఏడున్నర లీటర్ల వి8 ఇంజన్. నా వెనక తలుపంటే నాకెంతో గర్వం. దాని అద్దం కప్పులోకి, తలుపు నేల కిందికి జారిపోయి వెనక భాగమంతా బార్లా తెరుచుకునేది. నాతో పుట్టిన సెడాన్లకు వెనక చుట్టల స్ప్రింగులు పెట్టి, నాకు మాత్రం లారీలకు వేసే కమాన్ కట్టలు వేశారు. బరువు లాగమనే నన్ను పుట్టించారు.

నన్ను మొదట కొన్నది కొలరాడోలో ఒక కుటుంబం. ఆ ఇంటాయన నా వెనక ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ తగిలించారు. వాలీ బయమ్ మొదలుపెట్టిన కంపెనీ చేసిన, అల్యూమినియం ఒళ్లున్న ఇల్లు అది. లోపల మంచాలు, వంటపొయ్యి, నీళ్ల ట్యాంకు.

లాగడంలో బలం కన్నా తూకం ముఖ్యమని ఆయనకు బాగా తెలుసు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం నా కొక్కెం మీద ఆనాలి. ఎద్దులబండి తోలినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. నాకు ఇంకో చిక్కుంది. నా వెనక చక్రాలకూ కొక్కేనికీ మధ్య దూరం ఎక్కువ. అక్కడ ఆనిన బరువు నా ముక్కును పైకెత్తి, ముందు చక్రాలకు రోడ్డు మీద పట్టు తగ్గిస్తుంది. అందుకే ఆయన కొక్కేనికి రెండు పక్కలా స్ప్రింగు కడ్డీలు పెట్టి, గొలుసులతో బిగించేవారు. ఆ కడ్డీలు కొంత బరువును నా ముందు చక్రాల మీదికీ, కొంత ట్రైలర్ చక్రాల మీదికీ పంచేవి.

1973లో కొలరాడో కొండల్లో ఐసెన్‌హోవర్ సొరంగం తెరిచారు. అది 11 వేల అడుగుల ఎత్తున ఉంది. అక్కడి పలచని గాలిలో నాలాంటి కార్బురేటర్ ఇంజన్‌కు దాదాపు మూడో వంతు శక్తి పోతుంది. అయినా ఎక్కాను. అసలు పరీక్ష దిగేటప్పుడు. ఆయన చిన్న గేరులో వేసి ఇంజన్‌తోనే వేగం అదుపు చేసేవారు. బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి ఉంచలేదు. ట్రైలర్‌కు దాని సొంత కరెంటు బ్రేకులుండేవి, అవి పట్టిన తర్వాతే నేను ఆగేదాన్ని. అలాంటి మనిషి చేతిలో ఉన్నంతకాలం నాకు భయమన్నది తెలియలేదు.

అదే ఏడాది చివర అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. మరుసటి ఏడాది దేశమంతా గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టారు. నా దాహం అందరికీ తప్పుగా కనిపించింది.

తర్వాతి యజమానికి కడ్డీలు దండగ అనిపించాయి, తీసి మూలన పడేశాడు. ట్రైలర్ వెనక కొసన బరువైన పెట్టెలన్నీ సర్ది హైవే ఎక్కించాడు. పక్కనుంచి లారీ దూసుకుపోగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగి నన్ను లేన్ దాటించింది. అప్పుడు చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేసి లాగి నిలబెట్టాలి. అతను కంగారుగా నా బ్రేకులు తొక్కాడు. ఎలాగో నిలిచాను. గేరుబాక్సు నూనె మాడి నల్లబడుతున్నా మార్చించలేదు. చివరికి ట్రైలర్‌ను అమ్మేసి, నన్ను పెరట్లోకి తోసేశాడు.

నిలబెట్టడం లాగించడంకన్నా ఘోరం. ట్యాంకులో పెట్రోలు జిగురైంది. బ్రేకు నూనె తేమ పీల్చుకుని గొట్టాలను లోపలినుంచి తినేసింది. ఎలుకలు సీట్లలో గూళ్లు కట్టి వైర్లు కొరికాయి. నా ముద్దుల వెనక తలుపు తుప్పు పట్టి సగంలో ఇరుక్కుపోయింది, ఆ సందులోంచి ప్రతి శీతాకాలం మంచు లోపలికి పడేది. ఇంజన్ చప్పుడు చేయాలని ఎంత తహతహలాడినా తాళంచెవి తిప్పేవారు లేరు.

డెమోలిషన్ డెర్బీ వాళ్లు వచ్చి చూసిపోయారు. జాతరలో బండ్లను ఒకదానితో ఒకటి గుద్దించి, చివరిదాకా కదిలేదాన్ని గెలిపించే ఆట అది. మాలాంటి బరువైన వ్యాగన్లంటే వాళ్లకు ఇష్టం. మా ఫ్రేము గట్టిదనం అక్కడ మా చావుకు కారణమైంది. ఇంట్లో బేరం కుదరక నేను మిగిలాను. 2009లో అమెరికా ప్రభుత్వం పాత బండ్లకు డబ్బిచ్చి తీసుకుని, ఇంజన్లలో సోడియం సిలికేట్ పోసి బిగదీసుకుపోయేలా చేసింది. అలా ఆరున్నర లక్షలకు పైగా బండ్లు పోయాయి. పాతికేళ్లు దాటిన వాటిని తీసుకోలేదు కాబట్టి నన్ను ముట్టుకోలేదు. నా తర్వాతి తరం వ్యాగన్లు మాత్రం వాటిలో ఉన్నాయి. నన్ను చేసిన ఓల్డ్స్‌మొబైల్ పేరే 2004లో ఆగిపోయింది.

ఇప్పుడు నన్ను చూసుకునే ఆవిడ కార్బురేటర్ విప్పడం తండ్రి దగ్గర నేర్చుకున్న మనిషి. ఇంజన్ తిప్పకముందే ట్యాంకు కడిగించింది, బ్రేకు గొట్టాలన్నీ మార్పించింది, గేరుబాక్సు నూనెకు విడిగా కూలర్ పెట్టించింది. ఆ తర్వాతే కొక్కేనికి ఒక చిన్న ట్రైలర్ తగిలించింది.

పాత వ్యాగన్‌తో ట్రైలర్ లాగాలనుకునేవారికి నా మనవి. మా రంగు మెరుపు తర్వాత చూసుకోవచ్చు. ముందు టైరు పక్కన అచ్చేసిన చివరి నాలుగు అంకెలు చదవండి, అవి తయారైన వారం, సంవత్సరం. గాడి అరగకపోయినా రబ్బరు ముసలిదైతే మార్చండి. బ్రేకు నూనె కొత్తది పోయించండి. ట్రైలర్‌ను కాటా మీద తూచండి. లాగే పని ఏమీ లేని నెలల్లో కూడా మమ్మల్ని కాసేపు రోడ్డెక్కించండి.