బండికి సామాను బిగించేవాళ్లకు తలకిందుల సలహాలు

సర్వీసుకి ఇచ్చే ముందురోజు రాత్రి కూర్చుని, బండికి బయట బిగించినవన్నీ పీకెయ్యకండి. వాటితోనే షోరూంకి తీసుకెళ్లండి. నా మొదటి సలహా ఇదే. రాణిగంజ్‌లో సామాను అమ్మేవాళ్లని అడిగినా, వీధి చివరి మెకానిక్‌ని అడిగినా, ఆదివారం కలిసి రైడ్‌కి వెళ్లే మిత్రుల్ని అడిగినా దీనికి సరిగ్గా ఎదురు చెప్తారు. ఒకప్పుడు నేనూ వాళ్ల మాటే విన్నాను. ఏం జరిగిందో ముందు చెప్తాను.

నా 350 సీసీ బండి కొన్న మూడో నెలలో ఫాగ్ లైట్లు పెట్టించాను. రాత్రిళ్లు ఊరికి వెళ్లేటప్పుడు ఊరి రోడ్డు మీద బర్రెలు అడ్డంగా పడుకుని ఉంటాయి, హెడ్‌లైటు చాలదు. అంచేత అవసరం నిజమైనదే. షాపు కుర్రాడు అరగంటలో పని ముగించాడు. హెడ్‌లైటు డూమ్ విప్పి, వైరు మధ్యలో బ్లేడుతో గీరి, కొత్త తీగని మెలేసి, నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టాడు. "మరి వారంటీ?" అన్నాను. "ఏం కాదన్నా. సర్వీసుకిచ్చే ముందల పీకెయ్. ఎవ్వనికీ తెల్వది."

పద్నాలుగో నెల వానాకాలం. తడిస్తే చాలు హెడ్‌లైటు మినుకుమినుకుమనేది, మీటరు ఆరిపోయేది. ముందురోజు సాయంత్రం లైట్లు విప్పి ఇంట్లో దాచి, బుద్ధిమంతుడిలా షోరూంకి వెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ డూమ్ విప్పించాడు. టేపుని గోటితో పట్టి లాగితే తుమ్మజిగురులా సాగింది. లోపల రాగితీగ పచ్చబడి, చిలుం పట్టి, ముట్టుకోగానే రెండు పోగులు విరిగి రాలాయి. "ఇది కంపెనీ జాయింట్ కాదు గదా సార్?" అన్నాడు. "నాకేం తెలీదండీ, మొదట్నుంచీ ఇంతేనేమో" అన్నాను. అతనేం మాట్లాడలేదు. వంగి లెగ్ గార్డు వైపు చూశాడు. క్లాంపులు పట్టుకున్నచోట రెండు గుండ్రటి మచ్చలు తళతళా మెరుస్తున్నాయి.

వైరింగ్ కిట్ మొత్తం నా డబ్బుతోనే మార్పించుకున్నాను. మీటరులో నిజంగానే కంపెనీ లోపం ఉండి ఉండొచ్చు. ఆ వాదన చేయడానికి నాకు నోరు లేకుండా పోయింది, ఎందుకంటే అంతకుముందే అబద్ధం చెప్పి దొరికిపోయాను.

అందుకే చెప్తున్నాను, దాచకండి. వెళ్లగానే "ఈ లైట్లు బయట పెట్టించాను, జాబ్ కార్డులో రాయండి" అని మీరే చెప్పండి. రాసిన కార్డుని ఫొటో తీసుకోండి. కళ్లెదురుగా ఉన్న వస్తువుకి హద్దు గీయడం తేలిక. ఈ తీగ నాది, ఆ ఇంజను మీది అని చెప్పుకోవచ్చు. దాచిన వస్తువు దొరికితే హద్దు చెరిగిపోతుంది. ఆ తర్వాత చైను సాగినా, ఆయిల్ కారినా అనుమానం మన మీదికే వస్తుంది.

రెండో సలహా. లైట్ల కన్నా వైరింగుకి ఎక్కువ డబ్బు పెట్టండి. ఈ మాట అంటే షాపులో ఎగాదిగా చూస్తారు. ఎందుకో లెక్క చూడండి. ఇరవై వాట్ల లైట్లు రెండంటే నలభై వాట్లు. పన్నెండు వోల్టుల బండిలో అవి లాగే కరెంటు సుమారు మూడుంపావు ఆంపియర్లు. హెడ్‌లైటు తీగనీ, దాని ఫ్యూజునీ కంపెనీ ఈ అదనపు భారానికి లెక్కగట్టి పెట్టలేదు. భారమంతా బ్యాటరీ నుంచి నేరుగా రావాలి. బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు, ఆ తర్వాత రిలే, అక్కణ్ణుంచి లైట్లు. తాళం తిప్పితేనే పనిచేసేలా రిలేకి సన్నటి సిగ్నల్ తీగ ఒక్కటి ఇస్తే చాలు. ఆ ఒక్కదానికి కూడా కంపెనీ తీగని గీరనివ్వకండి. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ దొరుకుతుంది. ఆ చివరా ఈ చివరా గుచ్చితే సరి, పీకితే బండి మళ్లీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. కప్లర్ దొరకలేదంటే ఆ రోజుకి లైట్లు పెట్టించకుండానే ఇంటికొచ్చేయండి. కుర్రాడి చేతిలో బ్లేడు కనిపిస్తే పని ఆపించండి, మొహమాటపడకండి.

మూడోది. బయటి సామాను పెడితే వారంటీ మొత్తం పోతుందన్నవాణ్ణి నమ్మకండి. ఏం పెట్టినా పోదన్నవాణ్ణీ నమ్మకండి. ఈ రెండోవాళ్లు ఎక్కువగా అమెరికా వీడియోలు చూసి మాట్లాడతారు. అక్కడ 1975లో వచ్చిన మాగ్నసన్–మాస్ చట్టం ఉంది. బయటి సామాను వల్లే నష్టం జరిగిందని చూపించకుండా వారంటీ కాదనడం అక్కడ కుదరదు. అది వాళ్ల చట్టం. దాని పేరు చెప్పి మియాపూర్ షోరూంలో వాదిస్తే పనికిరాదు. మన దగ్గర దానికి దగ్గరగా వచ్చిన మాట 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామనకూడదు, ఆ పని వల్ల జరిగిన నష్టం వరకే కాదనొచ్చు అని 14 కార్ల కంపెనీలకు చెప్పింది. అది కార్ల సంగతి. జరిమానాల మీద పైకోర్టుల్లో తగాదాలూ నడిచాయి. కాబట్టి అదే బ్రహ్మాస్త్రం అనుకోకండి. అందులోని న్యాయం మాత్రం పట్టుకోండి. ఏ భాగం పాడైంది, దేనివల్ల పాడైందని మీరంటున్నారు? ఈ రెండు ప్రశ్నలే మర్యాదగా, మళ్లీ మళ్లీ అడగండి. జవాబు కాగితం మీదో ఈమెయిల్లోనో ఇమ్మనండి. నోటిమాటగా "రాదు సార్" అన్నంత తేలిగ్గా కారణం రాసివ్వలేరు. కాగితం మీద పెట్టాల్సివస్తే చాలామంది ఒకసారి ఆగి ఆలోచిస్తారు.

అప్పటికీ అన్యాయమే అనిపిస్తే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. గొడవ మొదలయ్యాక రెండేళ్లు దాటనివ్వకండి.

ఇంతకీ బండి కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం ఎక్కడుంది? సీటు కిందో బీరువాలోనో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. ఏ సామాను కొనే ముందైనా అందులో వారంటీ పేజీలు చదవండి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, బల్బుల్లాంటి అరిగిపోయేవి వారంటీలో ఉండవని అక్కడే రాసి ఉంటుంది. అసలు లేనిదాని కోసం గొడవపడటం తప్పుతుంది.

సైలెన్సర్ సంగతికొస్తే, మార్చకండి. దీన్లో నాకు రెండో మాట లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో సైలెన్సర్ ఒట్టి గొట్టం కాదు. పొగని శుభ్రం చేసే కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్, పెట్రోలు పోసే ఇంజెక్షన్ అన్నీ ఒకదాని లెక్కని బట్టి ఒకటి నడుస్తాయి. దాన్ని తీసి గొట్టం బిగిస్తే ఆ లెక్క తప్పుతుంది. థ్రాటిల్ వదలగానే టపటపలాడే చప్పుడు చాలామందికి మగతనంగా వినిపిస్తుంది. కాలాల్సిన చోట కాలని పెట్రోలు గొట్టంలో అంటుకుంటున్న చప్పుడది. ఇంజనులో ఏది చెడినా కంపెనీ వేలు ముందు అటే చూపిస్తుంది, చూపించడంలో న్యాయమూ ఉంది. చట్టం సంగతీ చూడండి. అనుమతి లేని మార్పుకి, ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చప్పుడుకీ పొగకీ వేరే సెక్షన్ ఉంది, జరిమానా పది వేల దాకా వెళ్తుంది. ఇవన్నీ పక్కనపెట్టినా, అర్ధరాత్రి మీ బండి సందులోకి తిరిగినప్పుడు గుండె జబ్బు ఉన్న పెద్దాయన ఎవరో ఉలిక్కిపడి లేస్తాడు. నాకు ఆ ఒక్క కారణం చాలు.

హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు నడుంనొప్పి ఉన్నవాళ్లకి మంచివే. బిగించాక షాపులోంచి కదలకముందే ఒక పరీక్ష చేయండి. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ని ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పండి. తిప్పుతుంటే ఇంజను చప్పుడు దానంతటదే పెరిగిందంటే యాక్సిలేటర్ కేబుల్ చాలడం లేదని అర్థం. యూ-టర్న్ మధ్యలో బండి మీ మాట వినకుండా దూకుతుంది. ముందు బ్రేకు గొట్టం కూడా బిగుసుకోకుండా కాస్త వదులుగా ఉండాలి. ఇది ప్రాణంతో పని, అరగంట ఆలస్యమైనా పర్లేదు.

తీసేసిన పాత సామాను షాపులో వదిలెయ్యకండి. "ఇవేం చేసుకుంటారన్నా, ఇచ్చేయండి, రెండొందలు తగ్గిస్తా" అంటారు. ఇవ్వకండి. అద్దాలు, ఇండికేటర్లు, బోల్టులు, వాషర్లతో సహా ఒక డబ్బాలో వేసి అటకెక్కించండి. ఏ బోల్టు ఎక్కడిదో చీటీ రాసి కట్టండి, ఆర్నెల్లయ్యాక ఎవరికీ గుర్తుండదు. బిల్లులూ అందులోనే పెట్టండి.

ఇన్సూరెన్సు వాళ్లకీ చెప్పండి. ఎందుకు చెప్పడం, ప్రీమియం పెరుగుతుంది కదా అంటారు. కొంచెం పెరుగుతుంది. చెప్పకపోతే ప్రమాదంలో ఆ లైట్లు పగిలినప్పుడు పైసా రాదు. సర్వేయరు ముందు మళ్లీ "నాకేం తెలీదండీ" అనాల్సి వస్తుంది.

నా ఫాగ్ లైట్లు మళ్లీ లెగ్ గార్డు మీదికి వచ్చాయి. ఈసారి పని మూడు గంటలు పట్టింది, రిలే, ఫ్యూజు, కప్లర్లతో. పోయిన సర్వీసుకి వాటితోనే వెళ్లాను. అదే అడ్వైజర్ కూర్చుని ఉన్నాడు. అడక్కముందే సీటు ఎత్తి కప్లర్ చూపించాను. వేలితో ఒకసారి నొక్కి చూసి, జాబ్ కార్డు మీద "కస్టమర్ ఫాగ్ లైట్లు, రిలే ఉంది, వైరింగ్ కోయలేదు" అని రాశాడు.