నిప్పు చూడకుండా నింద వేశాను

నా దగ్గర పనిచేసిన ఒక డ్రైవరును దొంగ అన్నంత పని చేశాను. అతను చెప్పింది నిజం, నేను నమ్మింది అబద్ధం. నాలుగు ప్లగ్గులు, ఒక కాయిలు పాడైతే వచ్చిన గొడవ అది. ఇన్నాళ్ళూ సంబంధించినవాళ్ళ దగ్గర తప్ప ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. మనసులో పెట్టుకుని తిరగలేక రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరులో లారీల ఇల్లు. నాయన ఎర్రగుంట్ల సిమెంటు, నాపరాళ్ళ బాడుగలు తోలించేవాడు. మాకు లారీ అంటే డీజిలే. డీజిల్ ఇంజనుకు ప్లగ్గుతో పనిలేదు. సిలిండరులో గాలిని గట్టిగా అదిమితే అది విపరీతంగా వేడెక్కుతుంది, అందులోకి నాజిల్ డీజిలు చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది. అందుకే నాకు తెలిసిన రోగాలన్నీ నాజిలువి, పంపువి, ఫిల్టరువి. పుల్లింగ్ తగ్గిందా, ఆయిలు వచ్చే దారి చూడు. నాయన చెప్పింది ఇదే, మైదుకూరు రోడ్డు షెడ్లలో విన్నదీ ఇదే. 2005లో టాటా ఏస్ వచ్చి ఊరూరికీ చిన్న ట్రక్కును అలవాటు చేసినప్పుడు కూడా అది రెండు సిలిండర్ల డీజిల్ బండే. ప్లగ్గు అంటే స్కూటరుకు, మోటారుసైకిలుకు ఉండే వస్తువని నా లెక్క.

నాయన పోయాక లారీలు అమ్మేసి, అరటి, చీనీ బాడుగలకని ఒక చిన్న ట్రక్కు కొన్నాను. విజయవాడలో కొన్నేళ్ళు తిరిగిన పాత బండి. సీఎన్‌జీ మీద నడుస్తుంది, అవసరానికి చిన్న పెట్రోలు ట్యాంకు కూడా ఉంది. సీటు ఎత్తితే కింద నాలుగు సిలిండర్ల ఇంజను. మన జిల్లాలోనూ గ్యాసు బంకులు వచ్చాయి కదా, డీజిలు ఖర్చు తగ్గుతుందని ఆశ. డ్రైవరు పులివెందుల దగ్గరి పల్లె మనిషి, వయసులో నాకన్నా చిన్నవాడు, మాట తక్కువ. పులివెందుల తోటల్లో గెలలు ఎక్కించుకుని, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు, అక్కడినుంచి ప్రొద్దుటూరు మండీకి తేవడం అతని పని.

కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు లోడు దించుతుండగా వచ్చి చెప్పాడు: "అన్నా, ముద్దనూరు దాటినాక కొండెక్కేటప్పుడు గ్యాసు మింద మిస్సింగు కొడ్తాండాది. పెట్రోలుకు మారిస్తే ఎక్కుతాది. ఏమో ఉండాది, ఎవురికన్నా సూపించు." సరేలే అన్నాను, పట్టించుకోలేదు. అతను మళ్ళీ చెప్పాడు. డాష్‌బోర్డులో ఇంజను బొమ్మ లైటు ఎత్తులో ఆరి ఆరి వెలుగుతోందని కూడా చెప్పాడు. పాత బండికి లైట్లు వెలగడం మామూలేనని నేనే అతనికి సర్దిచెప్పాను.

నా కన్ను పడింది లెక్కల మీద. గ్యాసు బండికి పెట్రోలు బిల్లులు పెరుగుతూ వచ్చాయి. ఎత్తు ఎక్కడానికి అతను పెట్రోలుకు మారుస్తున్నాడు, అందుకే ఖర్చు. ఆ మాట ముందే చెప్పిన మనిషి. అయినా నాకు తోచింది వేరు: పెట్రోలు ఎక్కడో దిగుతోంది. మండీలో హమాలీలు, కమీషన్ కొట్టు గుమాస్తా అందరూ ఉండగా అడిగేశాను, తాగుతున్నావా అమ్ముతున్నావా అని. అతను తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ నెల జీతంలో పెట్రోలు డబ్బు పట్టుకుని ఇచ్చాను. తెల్లారి తాళం చెవి ఇంటికి తెచ్చి, మా అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను అడిగింది, ఏమన్నావురా ఆ పిల్లోణ్ణి అని. లెక్క అడిగినానమ్మా అన్నాను.

తర్వాత నేనే తోలడం మొదలుపెట్టాను. కొండ దగ్గర నాకూ మిస్సింగు కొట్టింది. అక్కడైనా బుద్ధి రావాల్సింది. రాలేదు. పెట్రోలు మీద ఎక్కుతోంది, గ్యాసు మీద ఎక్కడం లేదు, కాబట్టి తప్పు గ్యాసుదేనని తీర్మానించుకున్నాను. వినడానికి సరిగ్గా ఉన్న ఆ తర్కమే నన్ను ముంచింది. గ్యాసు ఫిల్టరు మార్పించాను. గ్యాసు ఒత్తిడి తగ్గించే రెడ్యూసరు విప్పించాను. బంకులో గ్యాసు బాగాలేదని నలుగురి దగ్గరా అన్నాను. ఆయిలు వచ్చే దారి చూడమన్న నాయన మాటను గ్యాసుకు తగిలించి, దాని వెంటే పడి తిరిగాను. డ్రైవరు చెప్పిన ఆ ఇంజను లైటు ఆరి ఆరి వెలగడమంటే, మండని గ్యాసు సైలెన్సరు దారిలోని క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండి దాన్ని కాల్చేస్తోందని హెచ్చరిక. నిలకడగా వెలిగితే షెడ్డుకు చేరేదాకా నెమ్మదిగా పోవచ్చు. ఆరి ఆరి వెలిగితే వేగం, బరువు వెంటనే తగ్గించుకోవాలి. నేను దాన్ని చూస్తూనే నిండు లోడుతో కొండలెక్కించాను.

జమ్మలమడుగులో ఒక చిన్న షెడ్డు కుర్రవాడు గుట్టు విప్పాడు. లోడుతో ఆగిపోతే వేరే దారి లేక అక్కడికి చేర్చాను. నేను గ్యాసు పురాణం మొదలుపెట్టబోతే, "ఉండన్నా, ముందు నిప్పు సూద్దాం" అన్నాడు. స్కానరు తగిలించాడు. ఒకటో సిలిండరు, నాలుగో సిలిండరు మిస్ అవుతున్నాయని చూపించింది. మా బండిలో నాలుగు సిలిండర్లకు రెండే కాయిళ్ళు. ఒకటీ నాలుగుకు కలిపి ఒకటి, రెండూ మూడుకు కలిపి ఇంకొకటి. ఒక్కో కాయిలు ఒక ప్లగ్గు మీదే కూర్చుని, రెండోదానికి వైరుతో కరెంటు పంపుతుంది. కుర్రవాడు రెండు కాయిళ్ళనూ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టి, బండిని నా చేత ఎత్తు దాకా తోలించి తెప్పించాడు. ఈసారి స్కానరు రెండు, మూడు అంది. కాయిలుతో పాటే రోగం కదిలింది. పైసా ఖర్చు లేని పరీక్ష. నేను రెడ్యూసరుకు పోసిన డబ్బు గుర్తొచ్చి నోట మాట రాలేదు.

అంతటితో ఆపకుండా ప్లగ్గులు విప్పాడు. ముందు గాలి పట్టి గుంతల్లో దుమ్ము ఊదేశాడు, లేకపోతే అదంతా సిలిండరులోకి రాలుతుందని. ప్లగ్గులు నా అరచేతిలో పెట్టాడు. మధ్య ఎలక్ట్రోడు అంచులు అరిగి గుండ్రంగా తేలాయి. పక్క ఎలక్ట్రోడుతో దానికి ఉండాల్సిన సందు ఒక మిల్లీమీటరు లోపు. గేజి పట్టీలు రెండు కలిపి దూర్చినా వదులుగా ఆడాయి. ఒకటో ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్ల గీత. కాయిలు రబ్బరు బూటు లోపల, సరిగ్గా ఆ గీతకు ఎదురుగా, కాలిన మచ్చ. కరెంటు ప్లగ్గు కొన దాకా పోకుండా, ఆ గీత వెంట జారి ఇంజను హెడ్డులోకి పారిపోతోంది.

అప్పుడు అర్థమైంది నా తర్కం ఎక్కడ తప్పిందో. కాయిలు బ్యాటరీలోని 12 వోల్టులను వేల వోల్టులకు పెంచుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుక్కున్న సూత్రమే: ఒక చుట్టలో కరెంటు చటుక్కున ఆపితే, పక్కన ఎక్కువ చుట్లున్న తీగలో పెద్ద వోల్టేజి పుడుతుంది. ప్లగ్గు సందు ఎంత పెరిగితే దాన్ని దాటడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. సిలిండరులో ఒత్తిడి పెరిగినా అంతే. లోడుతో ఎత్తెక్కేటప్పుడు యాక్సిలరేటరు తొక్కుతాం, లోపలికి ఎక్కువ గాలి పోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. దానికితోడు సీఎన్‌జీ పెట్రోలు కన్నా బలమైన నిప్పు అడుగుతుంది. అందులో ఉండే మీథేను అంత తేలిగ్గా అంటుకునేది కాదు. అరిగిన ప్లగ్గు, బూటు కాలిన కాయిలు కలిసి ఇవ్వగలిగిన నిప్పు పెట్రోలుకు బొటాబొటిగా సరిపోయింది, గ్యాసుకు చాలలేదు. గ్యాసు బాగానే ఉంది, నిప్పే బలహీనం. నేను పట్టుకున్న గుర్తు సరైనదే. దాన్నుంచి చేసిన తీర్పు తప్పు. గ్యాసు బండికి ప్లగ్గులు పెట్రోలు బండికన్నా ముందుగా మార్చాలని, సందు కూడా కాస్త తక్కువగా పెట్టాలని ఆ కుర్రవాడు చెబితే గానీ నాకు తెలియదు.

ఇంకో సంగతి కూడా అతనే చెప్పాడు. కాయిలు ఒక్కటే మార్చి పాత ప్లగ్గులు ఉంచితే, ఆ పెద్ద సందు దాటించలేక కొత్త కాయిలూ కొన్నాళ్ళకే పోతుంది. అందుకే రెండు కాయిళ్ళు, నాలుగు ప్లగ్గులు కలిపి మార్చాలని నిర్ణయించాను. ప్రొద్దుటూరు నుంచి సామాను తెప్పించి, ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగి, ఈసారి నా చేతులతోనే బిగించాను, అతను పక్కన నిలబడి చూశాడు. అల్యూమినియం హెడ్డు. ప్లగ్గును ముందు వేళ్ళతోనే తిప్పాలి, మర దానంతట అదే పట్టాలి, అడ్డంగా ఎక్కిందా హెడ్డు మర చెడిపోతుంది. చివర పానాతో కొలత ప్రకారం బిగించాలి. లారీ వీలు నట్లు బిగించిన అలవాటుతో నా చెయ్యి ఇంకా బలం పెట్టబోయింది. "చాలన్నా" అని మణికట్టు పట్టుకున్నాడు.

తర్వాత ఒకచోట చదివాను: 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన మోటారుబండిని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నడుపుకుంటూ పోయింది. దారిలో ఇగ్నిషను వైరు తొడుగు పాడైతే, మేజోళ్ళ పట్టీ తీసి చుట్టి బండిని ముందుకు నడిపిందని చెబుతారు. చదివినప్పుడు నాకు సిగ్గేసింది. కరెంటు పక్కదారి పట్టడమే బండి రోగమని ఆవిడ అప్పుడే కనిపెట్టింది.

ప్లగ్గులు బిగించిన ఆ సాయంత్రం అదే లోడుతో గ్యాసు మీదే ప్రొద్దుటూరు చేరాను. తర్వాతి ట్రిప్పులో ముద్దనూరు దాటాక కొండా ఎక్కింది. మధ్యలో ఒక్కసారి కూడా తడబడలేదు. సంతోషం కలగలేదు. డ్రైవరు చెప్పిన ప్రతి మాటా ఆ ఎత్తు మీద గుర్తొచ్చింది. ఎక్కడ మొదలవుతుంది, దేనికి మారిస్తే ఎక్కుతుంది, ఏ లైటు ఎలా వెలుగుతుంది: కుర్రవాడికి స్కానరు చూపించిన దానిలో సగం అతను ముందే నాకు అప్పజెప్పాడు. డ్రైవరు కాళ్ళకు, నడుముకు తెలిసినంతగా బండి సంగతి యజమానికి తెలియదు. లారీల ఇంట్లో పుట్టి కూడా నేను ఆ మాత్రం తెలుసుకోలేదు.

అతన్ని వెతుక్కుంటూ పులివెందుల పోయాను. అతను వేరేవాళ్ళ లారీ మీద ఉన్నాడు. నలుగురిలో నింద వేశాను కాబట్టి నలుగురిలోనే చెప్పాలని, స్టాండు దగ్గర మిగతా డ్రైవర్లు ఉండగానే చెప్పాను: నువ్వు చెప్పిందే నిజం, నేను అన్నది తప్పు, క్షమించు. జీతంలో పట్టుకున్న డబ్బు తిరిగి ఇచ్చాను. తీసుకున్నాడు. కాసేపటికి అడిగాడు, "ఏం మార్చినావన్నా?" ప్లగ్గులు నాలుగూ, కాయిళ్ళు రెండూ అన్నాను. "వైర్లో?" మార్చలేదన్నాను. "అవీ ఆ వయసువే గదా. మార్చు. లేకుంటే మళ్ళా మిస్సింగు కొడ్తాది."

తిరిగి వస్తావా అని అడిగాను. "రాన్లే అన్నా" అన్నాడు. ఎందుకని అడిగే హక్కు నాకు లేదు. మండీకి మాత్రం ఒక్కణ్ణే వెళ్ళి, ఆ రోజు అక్కడున్న హమాలీలకూ గుమాస్తాకూ కూడా జరిగింది చెప్పాను. వైర్లు అదే వారంలో ప్రొద్దుటూరులో కొని మార్పించాను.