కారు కింద నేలకు కొన్ని ఉచిత సలహాలు

పోర్టికోలో నేల వేయించాలనుకున్నప్పుడు మీరు పాటించవలసిన మొదటి నియమం, ఆ నేల కింద ఏముందో చూడకపోవడం. చూస్తే మనసు పాడవుతుంది. బడ్జెట్ అంతకన్నా ముందే పాడవుతుంది.

ఖమ్మం చుట్టుపక్కల చాలాచోట్ల తవ్వితే తగిలేది నల్లరేగడి. పత్తికీ మిర్చికీ మంచిదే. ఇంటికి మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. ఇలాంటి మట్టి మీద కారు నిలపాలంటే అడుగున్నర లోతు తీసేసి, మొరం పోసి, ఆరంగుళాలకో పొర చొప్పున నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టి, దాని మీద నాలుగంగుళాల బెడ్ కాంక్రీటు వేయాలని ఇంజనీర్లు చెబుతారు. చెప్పనివ్వండి. గృహప్రవేశానికి వచ్చిన మీ బావగారికి మొరం కనబడదు కదా! కాబట్టి ఇల్లు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలు, పెచ్చులు, ఖాళీ సిమెంటు సంచులు, కూలీలు తాగి పడేసిన టీ కప్పులు అన్నీ ఆ గోతిలోకి నెట్టించి పైన నాలుగు తట్టల ఇసుక చల్లించండి. "గట్టిగానే ఉందా?" అని మేస్త్రిని అడగండి. ఆయన ఒకసారి ఎగిరి దూకి, "రాయి సార్, రాయి" అంటాడు. మట్టి పరీక్ష అయిపోయింది.

ఇక డబ్బంతా పైన కనిపించే అర అంగుళానికి పెట్టుకోవచ్చు.

ఖమ్మం వాళ్లకున్న వెసులుబాటు చాలా ఊళ్లకు లేదు. ఊరి చుట్టూ గ్రానైట్ ఫ్యాక్టరీలే. వాటి దగ్గర పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలు చవగ్గా దొరుకుతాయి. పాలిష్ లేని గరుకు వైపు పైకి పెట్టి పరిపిస్తే కారు ఎక్కినా, వాన పడినా, మనవడు పరుగెత్తినా ఏమీ కాదు. ఇది ఎవరికీ చెప్పకండి, పరువు పోతుంది. పద్ధతిగా చేయాలంటే ఇక్కడి రాయిని ఓడెక్కించి పై దేశాలకు పంపేసి, గుజరాత్‌లోని మోర్బీ నుంచి రాయి బొమ్మ ముద్రించిన టైల్‌ను లారీలో తెప్పించుకోవాలి. గ్రానైటే కావాలని పట్టుబడితే అద్దంలా పాలిష్ చేసినదే తీసుకోండి. తొలకరికి తడికాళ్లతో లోపలికొచ్చే ప్రతి చుట్టమూ మీ నేలకు సాష్టాంగపడతాడు.

పార్కింగ్ టైల్స్ కొనడానికి కుటుంబమంతా కలిసి వెళ్లాలి. 12 అంగుళాలదా, 16 అంగుళాలదా అన్న చర్చ అక్కడే మొదలై, గోధుమరంగు వక్కపలుకు డిజైనా, బూడిదరంగు గళ్లా అన్నదాకా వెళ్లి, చివరికి వదినగారింట్లో ఉన్నది కాకపోతే చాలు అన్నచోట ఆగుతుంది. "బరువు ఆగుతుందా?" అని అడిగితే షాపతను "లారీ ఎక్కినా ఏం గాదు సార్" అంటాడు. అబద్ధమేమీ కాదు. టైల్ కింద మాలు నిండుగా ఉంటే నిజంగానే ఏమీ కాదు. కానీ పని తొందరగా తెమలాలని నాలుగు మూలలా, మధ్యలో ఒకటీ ముద్దలు పెట్టి టైల్ బోర్లిస్తే మిగతా భాగమంతా డొల్ల. ముందు చక్రం ఆ డొల్ల మీదికొచ్చిన రోజు 'టక్' మంటుంది. ఏ టైల్ డొల్లో తెలుసుకోవడానికి కర్రతో కొట్టి చూస్తారు కొందరు. అలాంటి చాదస్తం వద్దు. మేస్త్రి నొచ్చుకుంటాడు.

పేవర్ బ్లాకులు వేయించుకుంటామనేవాళ్లకూ దారి ఉంది. పాల్వంచలో థర్మల్ కేంద్రం ఉంది, బూడిదకు కొదవ లేదు, బూడిద కలిపిన ఇటుకలూ బ్లాకులూ ఈ ప్రాంతానికి కొత్త కాదు. కారుకు 60 ఎం.ఎం. మందం సరిపోతుంది. అంచుల వెంట గట్టిగా కాంక్రీటు కట్ట కట్టాలి, లేకపోతే బ్లాకులు ఏటా కొంచెం కొంచెం పక్కకు జరుగుతాయి. మీరు కట్ట కట్టించకండి. బ్లాకుల సందుల్లో పోసిన ఇసుకను చీమలు పైకి తోడేస్తాయి, ఖాళీ అయిన సందుల్లో తుంగ మొలుస్తుంది, రెండు వానలకు పోర్టికో కిన్నెరసాని అభయారణ్యంలో కలిసిపోతుంది. అడవి అంచున ఉన్నామన్న తృప్తి కారు తీసినప్పుడల్లా దక్కుతుంది.

ఎపాక్సీ పూత గురించి వీడియోల్లో చూసి ముచ్చటపడేవాళ్లకు రెండే మాటలు. అది కింద తడిలేని కాంక్రీటు మీద నిలుస్తుంది, ఆ కాంక్రీటును కనీసం నెల రోజులు ఆరనివ్వాలి. మన కాంక్రీటు కింద ఏం పూడ్చామో గుర్తుందిగా! తడి పైకొచ్చి పొరలు లేచాక అతికించే పని తనది కాదు, రంగు కంపెనీది అని మేస్త్రి చెబుతాడు, కాంక్రీటు వేసినవాడిది అని రంగు కంపెనీ చెబుతుంది.

గుండాల, చర్ల వైపు గూడేల్లో మట్టి అరుగుల్ని పేడతో అలికి, ముగ్గు పెట్టి చల్లగా ఉంచుకుంటారని, అదే అసలైన నేలని ఏసీ గదుల్లోంచి పొగిడే పెద్దలు ఉంటారు. ఆ అలుకుడు వెనకున్న నడుములు ఆడవాళ్లవి కాబట్టి మగవాళ్లకు ఆ నేలలో ఖర్చేమీ కనబడదు. పొగడ్త వినండి, పేడతట్ట ఆ పెద్దాయన చేతికివ్వండి.

ఇసుక దగ్గర కొంచెం భూగోళం అవసరం. గోదావరి పక్కనే ఉన్నాం కదా, ఇసుకకేం లోటనుకుంటారు. తెలంగాణలో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. మీరు ఫోన్‌లో ఓటీపీ కోసం చూస్తూ కూర్చున్నప్పుడు ఇసుక లారీలు వరసగా హైదరాబాద్ వైపు వెళ్తుంటాయి. భద్రాచలం నుంచి నాలుగడుగులు వేస్తే ఎటపాక, 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిపోయింది. అక్కడ 2024 జులై నుంచి ఉచిత ఇసుక. ఉచితమంటే ఇసుక వరకే, ట్రాక్టర్ ఉచితం కాదు, పైగా ఆ ఇసుక రాష్ట్రం దాటకూడదు. రాముడి దర్శనానికి మాత్రం ఎటువైపు నుంచైనా రావచ్చు.

వాటం విషయంలో మాత్రం వాస్తు పండితుడి మాటే వినండి. పద్దెనిమిది అడుగుల పొడవుకు రెండంగుళాల వాటం ఇస్తే నీళ్లు నిలవవు, అది తాపీమేస్త్రి లెక్క. నీళ్లు ఈశాన్యానికే పోవాలి, అది పండితుడి లెక్క. సైడు కాలువ నైరుతిలో ఉంటుంది, అది మున్సిపాలిటీ లెక్క. ముగ్గురినీ సంతోషపెట్టే ఉపాయం ఒక్కటే, ఏ వైపుకూ వాటం ఇవ్వకపోవడం. నీళ్లు మధ్యలోనే నిలుస్తాయి, బ్రహ్మస్థానం చల్లగా ఉంటుంది. ఎత్తు గురించీ బెంగపడకండి. మీరెంత లేపి కట్టినా పాతరోడ్డు మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తారు, కొన్నాళ్లకు ఇల్లు రోడ్డుకు కిందైపోతుంది. అప్పుడు కాలువ మీదుగా ర్యాంపు వేసి రోడ్డు మధ్యదాకా దింపండి. ఎదురింటివాళ్లూ దింపారు కాబట్టి మధ్యలో ఒక బైకుకు దారి మిగులుతుంది.

నీళ్లంటే గుర్తొచ్చింది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6. ఖమ్మంలో 2024 సెప్టెంబరు 1న మున్నేరు కాల్వొడ్డు, బొక్కలగడ్డ ఇళ్లలోకి చొరబడింది. ఒండ్రు తీయడానికే జనం రోజులకు రోజులు పారలు పట్టారు. అలాంటిచోట స్థలం కొనేటప్పుడు పక్కింటి గోడ మీద వరద మరక ఎంత ఎత్తులో ఉందో చూడాలి. కానీ అమ్మేవాడు అప్పటికే గోడకు రంగు వేయించి ఉంటాడు. మంచి రంగే. మీరూ ఆ రంగు పేరడిగి రాసుకుని, పోర్టికో టైల్‌ను దానికి నప్పేలా ఎంచుకోండి.

భద్రాచలంవైపు ఏజెన్సీలో మరో పొర కూడా ఉంది, అది కాగితాల పొర. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు మారకూడదని 1959 నాటి నిబంధన. దాన్ని బిగించిన 1970 సవరణనే అందరూ 1/70 అంటారు. ఆ చట్టం ఎవరి భూమిని కాపాడడానికి వచ్చిందో తెలిసి కూడా తెల్లకాగితం మీద రాయించుకుని మూడంతస్తులు లేపినవాళ్లు ఉన్నారు. వాళ్లకు పునాదిలో పట్టా లేదన్న బెంగ ఉండదు. పోర్టికోలో టైల్ కీలు కలవలేదని మాత్రం నిద్రపట్టదు.

బడ్జెట్‌కు వద్దాం. పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది పొడవు అనుకుంటే 180 చదరపు అడుగులు. టైల్ అడుగు 40 రూపాయలనుకుంటే 7,200. ఇంట్లో ఈ ఒక్క అంకే చెప్పండి. ముక్కలు కోయడంలో పోయే పది శాతం, హమాలీ, ట్రాక్టర్ కిరాయి, మేస్త్రి కూలి, బెడ్ కాంక్రీటుకు పట్టే అరవై ఘనపుటడుగుల కంకర మాలు, అందులోకి 13, 14 బస్తాల సిమెంటు, ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా అని ధైర్యం చెప్పండి. బస్తాకు ఇరవయ్యో ముప్ఫయ్యో కలిసొచ్చినా అన్ని బస్తాలకూ కలిపి నాలుగొందల ఇరవై దాటదు. అది మేస్త్రి మనుషుల మధ్యాహ్నం భోజనాలకు సరి. అడుగున్నర మొరానికి మూడు నాలుగు ట్రాక్టర్లు పడతాయి, ఆ ఖర్చు మిగిల్చేశాం కాబట్టి ఎల్‌ఈడీ లైట్లు పెట్టించుకోండి.

పనయ్యాక కూడా ఆ నేల కారుదే అనుకోకండి. కోల్డ్ స్టోరేజీలో చోటు దొరకని ఏడాది తేజ మిర్చి బస్తాలు అక్కడికే వస్తాయి. ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. ఓణీల ఫంక్షన్ భోజనాలూ అక్కడే, వేసవిలో ఆవకాయ ముక్కలు ఆరేదీ అక్కడే.

ఇంత ఖర్చూ అయ్యాక, ఆఖరి పనిగా కారు కొనండి. చిన్నకారు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ, అంటే పదమూడు అడుగులు. మెట్ల కోసం, తులసికోట కోసం, బోరు మోటారు కోసం కొట్టేయగా మీకు పన్నెండే మిగిలి ఉంటుంది. గేటు మూతపడదు. టైల్స్ పగలగొట్టడం దేనికి, గేటునే రోడ్డు మీదికి తెరుచుకునేలా మార్పించి, అక్కడ ఇంకో ఐదు అడుగులు అదే టైల్ వేయించేయండి. డిజైన్ ఆగిపోకముందే షాపుకెళ్లి రెండు పెట్టెలు ఎక్కువ తెచ్చుకోండి.