ఇంజిన్‌కు జాతకం

ఢిల్లీలో కారు పొగ వదులుతోందో లేదో చూడటానికి బానెట్ ఎత్తక్కర్లేదు, ఆర్‌సీలో పుట్టిన తేదీ చూస్తే చాలు అన్నట్టుండేది. 2025 దాకా డీజిల్‌కు ఆయుర్దాయం 10 ఏళ్లు, పెట్రోల్‌కు 15. మర్నాటి నుంచి అది కారు కాదు, తుక్కు. హరిత ట్రిబ్యునల్ 2014-15లో రాసిన ఈ జాతకాన్ని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. బంకుల్లో నంబరు ప్లేటు చదివే కెమెరాలు పెట్టి, 2025 జులై 1 నుంచి ముసలి బళ్లకు చుక్క కూడా పోయొద్దన్నారు. మూడో రోజుకల్లా కెమెరాలే సరిగా పనిచేయడం లేదంటూ, ఇది ఆపండని ఢిల్లీ ప్రభుత్వం లేఖ రాసింది. పాత బళ్లను పట్టడానికి తెచ్చిన కొత్త సరుకు మొరాయించిందన్నమాట.

పాత ఇంజిన్ ఎక్కువ పొగ వదలదా అంటారా? వదులుతుంది. రింగులు అరిగితే ఆయిల్ తాగి నీలం పొగ, ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోతే నల్లది, హెడ్ గాస్కెట్ పోతే తెల్లది. ఏ సందులోని మెకానిక్కయినా సైలెన్సర్ వెనక నిలబడి రోగం చెబుతాడు, ఆర్‌సీ అడగడు. ఆదివారం కూరగాయలకు మాత్రమే బయటికొచ్చే పదహారేళ్ల ఆల్టో కన్నా, రాత్రింబవళ్లు తిరిగి ఆయిల్ మార్చించుకోని ఐదేళ్ల క్యాబ్ ఎక్కువ కక్కవచ్చు. విజయవాడలో 15 ఏళ్లు నిండిన కారుకు ఫిట్‌నెస్ చూసి మరో ఐదేళ్లు పొడిగిస్తారు. ఢిల్లీలో ఆయువు తీరిన బండి ఎన్‌ఓసీ పట్టుకుని వేరే రాష్ట్రానికి పోయి నిక్షేపంగా తిరగొచ్చు. అక్కడివాళ్లకు ఊపిరితిత్తులు ఉండవు కాబోలు.

పొల్యూషన్ పరీక్షలే బోగస్, తేదీ అయితే లంచం తినదు కదా అనే వాదన ఇంకోటుంది. ఇందులో పస ఉంది. హద్దు మీరి విషవాయువులు వదిలినా 1.08 లక్షల వాహనాలకు సర్టిఫికెట్లు ఇచ్చేశారని కాగ్ లెక్క తేల్చింది. పైగా పెట్రోల్ కారుకు ఆ పరీక్ష చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లనే. ఢిల్లీని దగ్గిస్తున్న సన్న ధూళి జోలికే పోదు. అయితే బాగుచేయాల్సింది పరీక్షను. కొలిచేవాడు దొంగ అని కొలవడమే మానేస్తామా?

2025 డిసెంబరులో సుప్రీంకోర్టు కాస్త సర్దింది: బీఎస్-4 ఉద్గార ప్రమాణం, ఆపై ప్రమాణాల బళ్లకే వయసు వేటు నుంచి రక్షణ. జాతకం పోయి గోత్రం వచ్చింది. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 రాగానే ఢిల్లీలో మారుతి 800 అమ్మకం ఆగిపోయింది. కాబట్టి ఆ మార్చిలో కొన్న 800ను ఎంత భద్రంగా చూసుకున్నా, పక్క గురుగ్రామ్‌లోనే పుట్టినా, దానికి దిక్కులేదు. మరుసటి నెలలో కొన్న బీఎస్-4 బండి మాత్రం రింగులు పోయి నీలం పొగ చిమ్ముతున్నా వయసు పేరుతో ఎవరూ ముట్టుకోరు.